పొద్దున సెల్ఫ్ ఎంత కొట్టినా కారు అందుకోవట్లేదా? ఫ్యూయల్ ప్రెజర్ ఎక్కడ జారుతోందో ఇలా పట్టుకోండి

రాత్రంతా నిలబెట్టిన కారుకి పొద్దున సెల్ఫ్ కొడితే తిరుగుతూనే ఉంటుంది, ఎనిమిది పది సెకన్లకి గానీ అందుకోదు. ఒకసారి అందుకున్నాక మాత్రం రోజంతా ఏ పేచీ ఉండదు. టీ తాగడానికి ఆపి, వచ్చి తాళం తిప్పితే టక్కున స్టార్ట్ అవుతుంది. పెద్ద పంప్, పెద్ద ఇంజెక్టర్లు (ఇంజిన్‌లోకి పెట్రోల్ చిమ్మేవి), రీమ్యాప్ (కారు కంప్యూటర్‌లోని పెట్రోల్ లెక్కలు మార్చడం) చేయించుకున్న పెట్రోల్ కార్లలో ఈ జబ్బు చాలా మామూలు. దీనికి దొరికే సలహా కూడా మామూలుదే: "పంప్ మార్చెయ్ అన్నా." పంప్ మారుస్తారు, డబ్బులు పోతాయి, వారం తిరక్కుండా కథ మళ్లీ మొదటికి వస్తుంది.

పార్టు కొనేముందు ప్రెజర్ గేజ్ పెట్టండి. నేను ఎవరికైనా గట్టిగా చెప్పేది ఇదే. ప్రెజర్ ఎక్కడినుంచి పోతోందో ఒక గేజు, గొట్టాన్ని నొక్కిపట్టే రెండు క్లాంపులు గంటలో చెప్పేస్తాయి. గేజ్ కిట్ ఖరీదు కొత్త పంప్ ఖరీదులో చిన్న వంతే.

ఇంకో మాట. కోల్డ్ స్టార్ట్ అంటే మంచు పడాల్సిన పనిలేదు. ఇంజిన్ బయటి గాలి వేడికి దిగిపోతే చాలు. మే నెల తెల్లవారుజామున తిరుపతిలో చెమటలు పడుతున్నా, ఇంజిన్ లెక్కలో అది చల్లబడ్డ బండే. డిసెంబర్‌లో తిరుమల కొండ మీదో, హార్స్‌లీ హిల్స్‌లోనో రాత్రి ఉంచితే ఉన్న జబ్బు ఇంకాస్త బయటపడుతుంది, అంతే.

లోపల జరిగేది ఏమిటంటే

బావి మోటారుకి ఫుట్‌వాల్వ్ ఎందుకుంటుందో చిత్తూరు రైతుకి ఎవరూ చెప్పక్కర్లేదు. మోటార్ ఆపాక పైపులో నీళ్లు వెనక్కి జారిపోకుండా అది పట్టి ఉంచుతుంది. ట్యాంకులోని ఫ్యూయల్ పంప్‌కి కూడా అలాంటి చెక్ వాల్వ్ ఒకటి ఉంటుంది. ఇంజిన్ ఆపాక రైల్‌లో (ఇంజెక్టర్లకి పెట్రోల్ పంచే గొట్టం) పెట్రోల్ ఒత్తిడితో నిలిచి ఉండాలి. మళ్లీ తాళం తిప్పగానే పంప్ రెండు మూడు సెకన్లు తిరిగి ఆ కాస్త లోటు పూడ్చేస్తుంది, మొదటి చుట్టులోనే ఇంజెక్టర్లు సరిగ్గా చిమ్ముతాయి. లైను మొత్తం ఖాళీ అయిపోతే ఆ రెండు సెకన్లు సరిపోవు. సెల్ఫ్ తిరుగుతున్నంతసేపూ పంప్ లైను నింపుతూ ఉంటుంది, మీరేమో బ్యాటరీ దించుకుంటూ ఉంటారు.

ఒత్తిడి పోవడానికి దారులు ఎక్కువేమీ లేవు. చెక్ వాల్వ్ ద్వారా గానీ ట్యాంకులోపలి గొట్టం చిరుగు ద్వారా గానీ వెనక్కి ట్యాంకులోకి పోవచ్చు. ఒత్తిడిని అదుపులో ఉంచే రెగ్యులేటర్ మూసుకోక, మిగులు పెట్రోల్‌ని ట్యాంకుకి తిప్పి పంపే రిటర్న్ లైనులోకి పోవచ్చు. ఇంజెక్టర్ కారి సిలిండర్‌లోకి పోవచ్చు. లేదా ఏదో జాయింట్ దగ్గర బయటికి కారుతుండవచ్చు. ఆ చివరిది ముక్కుకే తెలుస్తుంది. అది తెలిసిన క్షణమే బండి కదపడం ఆపేయండి.

మొదటి పరీక్షకు ఖర్చు లేదు

రేపు పొద్దున సెల్ఫ్ కొట్టకండి. తాళం ఆన్ దాకా మాత్రమే తిప్పి, వెనక సీటు కింద పంప్ జుయ్‌మని ఆగేదాకా వినండి. ఆఫ్ చేసి అయిదారు సెకన్లు ఆగి మళ్లీ ఆన్ చేయండి. ఇలా మూడు నాలుగుసార్లు చేశాక అప్పుడు సెల్ఫ్ కొట్టండి. పుష్ స్టార్ట్ ఉన్న కారైతే బ్రేకు, క్లచ్ తొక్కకుండా బటన్ నొక్కితే ఇగ్నిషన్ మాత్రమే వస్తుంది. కొన్ని కార్లలో పంప్ తలుపు తీయగానే తిరుగుతుంది గానీ తాళం తిప్పినప్పుడల్లా తిరగదు. పంప్ శబ్దం రాకపోతే ఈ పరీక్షను లెక్కలోకి తీసుకోకండి.

ఇలా చేశాక బండి వెంటనే స్టార్ట్ అయితే మీ అనుమానం నిజం, రాత్రి ప్రెజర్ జారిపోతోంది. ఏ తేడా లేకపోతే ప్రెజర్ కాకుండా ఇంకేదో ఉంది, దాని సంగతి కింద చెప్తాను. మూడో రకం ఒకటుంది. ఎక్కువసార్లు ఆన్ చేసినకొద్దీ ఇంకా మొండికేసి, సైలెన్సర్ దగ్గర పచ్చి పెట్రోల్ వాసన వస్తుంది. అప్పుడు యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కిపట్టి సెల్ఫ్ కొట్టి చూడండి. చాలా ఈసీయూలు (ఇంజిన్‌ని నడిపే కంప్యూటర్లు) అలా తొక్కినప్పుడు ఇంజెక్టర్లను ఆపేస్తాయి. అప్పుడు దగ్గుతూ స్టార్ట్ అయి కాసేపు నల్లపొగ వదిలితే, ఇంజెక్టర్ కారి సిలిండర్ తడిసిపోతోందని దాదాపు తేల్చేసుకోవచ్చు.

ఇదే సమయంలో బ్యాటరీ కూడా చూసేయండి. రాత్రి నిలబడ్డాక మల్టీమీటర్‌లో 12.5 వోల్టుల చుట్టుపక్కల ఉండాలి, సెల్ఫ్ తిరిగేటప్పుడు పది కంటే బాగా కిందికి పడకూడదు. వోల్టేజ్ పడితే పంప్ నెమ్మదిస్తుంది, ఇంజెక్టర్లు తెరుచుకోవడం ఆలస్యమవుతుంది, ప్లగ్గుకి కరెంటిచ్చే కాయిల్ బలహీనపడుతుంది. ఆంప్లిఫయర్, సబ్‌వూఫర్ పెట్టిన కార్లలో అసలు జబ్బు ఇదే అయ్యుండి, పంప్‌కి నింద పడడం చాలాసార్లు జరుగుతుంది.

గేజ్ పెట్టేముందు

ఇంజిన్ పూర్తిగా చల్లబడి ఉండాలి. పంప్ ఫ్యూజ్ తీసేసి ఇంజిన్ స్టార్ట్ చేసి, దానంతట అదే ఆగిపోయేదాకా నడిపితే రైల్‌లో ఒత్తిడి దిగిపోతుంది. తర్వాత బ్యాటరీ నెగటివ్ తీయండి. పైపు విప్పేచోట గుడ్డ చుట్టండి, కంటికి అద్దాలు పెట్టుకోండి. మంటలార్పే సిలిండర్ డిక్కీలో కాదు, చేతికందేచోట ఉండాలి. షట్టర్ దించిన గ్యారేజీలో ఈ పని వద్దే వద్దు. పెట్రోల్ ఆవిరి గాలికంటే బరువు, నేలమీద పాకుతూ పూజగది దీపం దాకా పోగలదు.

ఈ పద్ధతి మామూలు పోర్ట్ ఇంజెక్షన్ (సిలిండర్ బయట గాలి దారిలో పెట్రోల్ చిమ్మే) పెట్రోల్ కార్లకే. పోలో టీఎస్‌ఐ లాంటి డైరెక్ట్ ఇంజెక్షన్ (నేరుగా సిలిండర్‌లోకే చిమ్మే) కార్లలో ట్యాంకు నుంచి ఇంజిన్ మీది పంప్ దాకా ఉన్న లైనును మాత్రమే ఇలా చూడొచ్చు. అక్కడినుంచి రైల్ వైపు ఒత్తిడి వంద బార్ కూడా దాటుతుంది, ఆ పైపు నట్టు మీద స్పానర్ పెట్టకండి, కారు కంప్యూటర్ లెక్కలు చూపే స్కానర్‌లో రీడింగ్ చూడండి చాలు. డీజిల్ కామన్ రైల్‌కి ఈ వ్యాసం అస్సలు వర్తించదు.

గేజ్ 0 నుంచి 7 బార్, అంటే వంద పీఎస్‌ఐ దాకా చూపేది సరిపోతుంది. కొన్ని కార్లలో రైల్ మీద టైరు వాల్వ్ లాంటి టెస్ట్ పోర్ట్ ఉంటుంది. మన దగ్గర తిరిగే చాలా కార్లకి అది ఉండదు, కాబట్టి ఫీడ్ పైపుకీ రైల్‌కీ మధ్య మూడు మూతుల టీ (T) జాయింట్ పెట్టాలి. టీ, క్విక్ కనెక్టర్లు తిరుపతిలో దొరక్కపోతే చెన్నై జీపీ రోడ్డులో వెతకొచ్చు. గొట్టం మాత్రం ఫ్యూయల్ ఇంజెక్షన్‌కని రాసి ఉన్నదే వాడండి. మీటర్ లెక్కన అమ్మే కార్బురేటర్ గొట్టం ఈ ఒత్తిడికి పనికిరాదు.

రీడింగ్ ఎలా చదవాలి

ముందు జాయింట్లన్నీ టార్చ్ వేసి చూసుకుని, తీసిన ఫ్యూజు, బ్యాటరీ నెగటివ్ మళ్లీ పెట్టి, తాళం ఆన్ చేయండి. ముల్లు ఒక్క ఊపులో పైకి లేవాలి. రెగ్యులేటర్ ఇంజిన్ దగ్గర ఉండి రిటర్న్ పైపు ఉన్న పాత పద్ధతి కార్లలో 3 బార్ దరిదాపుల్లో, ట్యాంకులోనే రెగ్యులేటర్ ఉన్న కొత్త పద్ధతి కార్లలో 3 నుంచి 4 బార్ మధ్య సాధారణం. మీ కారు సర్వీస్ మాన్యువల్లో ఉన్నదే చివరి మాట. అడ్జస్టబుల్ రెగ్యులేటర్ పెట్టిన బండైతే ట్యూన్ చేసినవాళ్లు ఏ ప్రెజర్‌కి చేశారో అడగండి. అది తెలియకుండా స్క్రూ తిప్పితే మ్యాప్ (ట్యూనర్ ఎక్కించిన పెట్రోల్ లెక్క) మొత్తం తప్పుతుంది.

స్టార్ట్ చేశాక ఐడ్లింగ్‌లో చూడండి. ఇంజిన్ గాలి పీల్చే దారికి కలిపిన వ్యాక్యూమ్ పైపు ఉన్న రెగ్యులేటర్ అయితే ప్రెజర్ అర బార్ దాకా తగ్గుతుంది, ఆ పైపు పీకితే మళ్లీ పైకొస్తుంది. పీకినప్పుడు పైపులో పెట్రోల్ తడి గానీ వాసన గానీ ఉంటే రెగ్యులేటర్ డయాఫ్రమ్ (లోపలి పల్చటి పొర) చిరిగింది. ఇంక వెతకక్కర్లేదు, దాన్ని మార్చండి. టర్బో బండిలో ఆ వ్యాక్యూమ్ పైపుకి క్లిప్ తప్పనిసరి. బూస్ట్‌లో (టర్బో గాలిని నెడుతున్నప్పుడు) అది ఊడిందంటే ప్రెజర్ పెరగాల్సినచోట పెరగదు, ఇంజిన్ లీన్ అవుతుంది, అంటే గాలికి తగ్గ పెట్రోల్ అందదు.

ఇప్పుడు అసలు పరీక్ష. ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు తాళం ఆన్ చేసి, ప్రెజర్ ఎక్కాక ఆఫ్ చేసి, ఫోన్‌లో టైమర్ పెట్టండి. పంప్ ఆగగానే ముల్లు కొద్దిగా దిగడం సహజం. తర్వాత అయిదు నిమిషాలు దాదాపు అక్కడే నిలబడాలి. ఆరోగ్యంగా ఉన్న 3 బార్ సిస్టమ్ అరగంట తర్వాత కూడా 2 బార్ పైన చూపించడం మామూలు. నిమిషంలో సగానికి పడిందంటే దారి తెరిచే ఉందన్నమాట.

ఈ పరీక్ష వేడి ఇంజిన్ మీద చేస్తే మోసపోతారు. ఇంజిన్ వేడికి రైల్‌లోని పెట్రోల్ వ్యాకోచించి, ఆపిన తర్వాత ప్రెజర్ కాసేపు పెరుగుతుంది కూడా. లీకు ఉన్నా ముల్లు నిలబడ్డట్టే కనిపిస్తుంది. అలాగే రాత్రి గేజ్ పెట్టి వదిలేసి పొద్దున సున్నా చూసి కంగారు పడకండి. చల్లబడేకొద్దీ పెట్రోల్ సంకోచిస్తుంది, మంచి కార్లలోనూ తెల్లారేసరికి ప్రెజర్ బాగా దిగిపోతుంది. మొదటి అరగంటలో ఏమైందన్నదే లెక్క.

రెండు క్లాంపులతో దారి పట్టుకోవడం

క్లాంప్ వేయాల్సింది మెత్తటి రబ్బరు గొట్టం మీదే. నల్లటి గట్టి నైలాన్ పైపును నొక్కితే పగులుతుంది. మీ కారుకి అంతా నైలానే ఉంటే, టీతో పాటు ఒక జానెడు ఇంజెక్షన్ గొట్టం కూడా తాత్కాలికంగా కలుపుకోండి, దానిమీద నొక్కొచ్చు. క్లాంప్ పళ్లు లేనిది, గుండ్రటి దవడలది అయ్యుండాలి.

తాళం ఆన్ చేసి ప్రెజర్ ఎక్కించి, ఆఫ్ చేసిన వెంటనే ఫీడ్ గొట్టాన్ని గేజ్‌కీ ట్యాంకుకీ మధ్య నొక్కండి. ముల్లు నిలబడిందా, పెట్రోల్ వెనక్కి ట్యాంకులోకే పోతోంది. చెక్ వాల్వో, ట్యాంకులోపలి గొట్టమో, ఓ రింగో, ట్యాంకులోనే ఉన్న రెగ్యులేటరో అన్నది మాడ్యూల్ (పంప్, దాని గొట్టం, మూత కలిసిన సెట్టు) బయటికి తీశాకే తేలుతుంది.

ముల్లు ఇంకా పడుతోందా? క్లాంప్ తీసి, మళ్లీ ప్రెజర్ ఎక్కించి, ఆఫ్ చేశాక ఈసారి రిటర్న్ గొట్టం (ఉన్న కారైతే) నొక్కండి. ఇప్పుడు నిలబడితే రెగ్యులేటర్ లోపలి వాల్వ్ మూసుకోవట్లేదు. పంప్ తిరుగుతున్నప్పుడు మాత్రం రిటర్న్ నొక్కకూడదు. పెట్రోల్‌కి పోయే దారి లేక ప్రెజర్ ఒక్కసారిగా ఎగబాకుతుంది, పెద్ద పంప్ ఉంటే గొట్టం ఊడిపోతుంది.

ఒక్కొక్కటిగా నొక్కినా, రెండూ కలిపి నొక్కినా ముల్లు పడుతూనే ఉంటే మిగిలింది ఇంజెక్టర్లే. రైల్‌ని ఇంజెక్టర్లతో సహా పైకి లేపి, కింద తెల్లకాగితం పరిచి, ఇగ్నిషన్ కాయిల్ కనెక్టర్లు తీసేసి, ప్రెజర్ ఎక్కించి మొనలు చూడండి. ఇంజెక్టర్లు రైల్ నుంచి ఊడకుండా క్లిప్పులు గానీ వైరు గానీ ఉండాలి. నిమిషానికి ఒక చుక్క దాకా చాలామంది తయారీదారులు ఒప్పుకుంటారు. మొన తడిసి చుక్కలు వరస కడితే అది కారుతున్నట్టే. అల్ట్రాసోనిక్ క్లీనింగ్‌తో కొన్నిసార్లు బాగవుతుంది, కానీ చవక రకం పెద్ద ఇంజెక్టర్ల మీద నాకంత నమ్మకం లేదు. ఆయిల్ స్టిక్ తీసి వాసన చూడండి. పెట్రోల్ వాసన వస్తే ఆయిల్ మార్చకుండా బండి నడపకండి, పల్చబడ్డ ఆయిల్‌తో బేరింగులు పోతాయి.

మాడిఫై చేసిన బండిలో ముందు అనుమానించాల్సింది

నా అనుభవంలో తప్పు ఎక్కువగా బయటపడేది ట్యాంకులోపలే. కరకంబాడి రోడ్డులో ఒక షెడ్డుకి పాత హోండా సిటీ వచ్చింది. గంటకి 255 లీటర్ల పంప్ వేసి ఎన్నో రోజులు కాలేదు. పొద్దున స్టార్టింగ్ ట్రబుల్, పైగా ఆర్‌పీఎం పైకెళ్తే పికప్ లేదు. గేజ్ 3 బార్ చూపించి, కళ్లముందే నిమిషంలో అడుగంటింది. ఫీడ్ నొక్కితే నిలబడింది. "పంప్ కొత్తదే కదన్నా" అన్నాడు బండి కుర్రాడు. మాడ్యూల్ బయటికి తీశారు. పంప్ నుంచి మూతకి వెళ్లే బెత్తెడు గొట్టం ఉబ్బి మెత్తబడి ఉంది. మామూలుగా చూస్తే ఏమీ లేదు. మేస్త్రీ దాన్ని వేళ్లతో వంచగానే, క్లిప్ కింద అడుగువైపు గోరంత చిరుగు నోరు తెరిచింది. "గొట్టం కూడా కొత్తదే తమ్ముడూ, కాకపోతే ట్యాంకులో మునిగి ఉండే రకం కాదిది" అన్నాడు.

మామూలు ఇంజెక్షన్ గొట్టాలు ట్యాంకులో మునిగి ఉండడానికి పనికిరావు. వాటి పైపొర బయటి గాలికి తయారైంది, పెట్రోల్‌లో నానడానికి కాదు. మునిగి ఉండడానికి తయారైన గొట్టం మీద ఎస్‌ఏఈ 30ఆర్10 అని ముద్ర ఉంటుంది. బెత్తెడు ముక్క కూడా ఖరీదే, అయినా అక్కడ బేరం ఆడొద్దు. ఇథనాల్ ఈ పరీక్షను ఇంకా కఠినం చేసింది. 2025 నాటికి మన బంకుల్లో మామూలు పెట్రోల్ అంటే 20 శాతం ఇథనాల్ కలిసిన ఈ20 అయింది. పాత రకం రబ్బరు గొట్టాలు, ఓ రింగులు దానికి ఉబ్బడమో గట్టిపడడమో జరుగుతుంది. మాడ్యూల్ తీసినప్పుడల్లా ఓ రింగ్ కొత్తది వేయండి.

గొట్టం బాగుండి చెక్ వాల్వే పోతే పంప్ మార్చడమే పద్ధతి. బయట లైనులో విడి చెక్ వాల్వ్ పెట్టుకునేవాళ్లూ ఉన్నారు. తప్పేమీ లేదు గానీ, మీ పంప్ ప్రవాహానికి సరిపడే పెద్ద సైజుది, ట్యాంకుకి దగ్గరగా పెట్టాలి, లేకపోతే ఫుల్ థ్రాటిల్‌లో అదే అడ్డమవుతుంది.

పంప్‌కి అందే కరెంటు కూడా కొలవండి. ఇంజిన్ నడుస్తున్నప్పుడు బ్యాటరీ దగ్గర, పంప్ కనెక్టర్ దగ్గర వోల్టులు చూస్తే తేడా అర వోల్టు మించకూడదు. పెద్ద పంప్ ఎక్కువ కరెంటు లాగుతుంది, కంపెనీ ఇచ్చిన సన్నటి వైరు అంత మోయలేదు. విడిగా లావు వైరు, రిలే, ఫ్యూజ్, మంచి ఎర్త్ వేస్తే ప్రెజర్ ఎక్కే వేగమే మారిపోతుంది.

ప్రెజర్ బాగున్నా స్టార్ట్ కాకపోతే

అప్పుడు ట్యూన్ వైపు తిరగండి. స్కానర్ పెట్టి, రాత్రంతా నిలబడ్డ బండిలో సెల్ఫ్ కొట్టకముందే కూలెంట్ వేడి, లోపలికొచ్చే గాలి వేడి చూడండి. రెండూ బయటి వేడికి దగ్గరగా, ఒకదానికొకటి రెండు మూడు డిగ్రీల్లో ఉండాలి. గాలి 27 చూపిస్తూ కూలెంట్ 60 చూపిస్తే, ఇంజిన్ వేడిగా ఉందనుకుని ఈసీయూ పెట్రోల్ తక్కువ ఇస్తోంది. సాధారణ సెన్సర్ 20 డిగ్రీల దగ్గర రెండు, రెండున్నర కిలో ఓంలు, 80 దగ్గర మూడొందల ఓంల చుట్టూ చూపిస్తుంది.

సెన్సర్ బాగుంటే ట్యూనర్‌ని అడగాల్సినవి కొన్నున్నాయి. పెద్ద ఇంజెక్టర్ల డెడ్ టైమ్ (కరెంటు అందాక తెరుచుకోవడానికి పట్టే ఆలస్యం) సరిగ్గా ఎక్కించారా? సెల్ఫ్ తిరిగేటప్పుడు ఇచ్చే పెట్రోల్ పట్టికను కొత్త ఇంజెక్టర్ల సైజుకి మార్చారా? చాలా రీమ్యాపులు ఫుల్ థ్రాటిల్ దగ్గర అద్భుతంగా ఉంటాయి, తెల్లవారుజాము స్టార్టింగ్‌ని మాత్రం ఎవరూ ముట్టుకోరు. ఎందుకంటే రోజుకి ఒక్కసారే పరీక్షించగలం, బండిని రాత్రంతా వదలాలి. మొదటి సెకన్లలో ఆక్సిజన్ సెన్సర్ కూడా వేడెక్కి ఉండదు, ఈసీయూ పట్టికను నమ్మి గుడ్డిగా పోతుంది. ఇథనాల్ ఆవిరి కావడానికి పెట్రోల్ కంటే రెట్టింపుకి పైగా వేడి లాగుతుంది. పైగా మామూలు పెట్రోల్‌కి 14.7 ఉండే గాలి నిష్పత్తి (ఒక కిలో ఇంధనానికి కావాల్సిన గాలి కిలోలు) ఈ20కి 13.5 దగ్గరికి వస్తుంది. ఈ20 రాకముందు చేయించిన మ్యాప్ అయితే చల్లటి ఇంజిన్‌లో అది లీన్‌గా తగలడంలో ఆశ్చర్యం లేదు.

యాక్సిలరేటర్ కొంచెం తొక్కితేనే స్టార్ట్ అవుతోందంటే కావాల్సింది గాలి. పెద్ద థ్రాటిల్ బాడీ పెట్టి ఐడిల్ సెట్ చేయకపోతే ఇలా అవుతుంది. ప్లగ్గులు కూడా విప్పి చూడండి. టర్బోకని మరీ చల్లటి హీట్ రేంజ్ (మొన వేడిని త్వరగా వదిలేసే) ప్లగ్గులు వేస్తే ఊళ్లో చిన్న చిన్న దూరాలకే మసి పట్టి తడుస్తాయి.

వేసవిలో ఇదే లీకు ఇంకో వేషం వేస్తుంది. ఒత్తిడి లేని పెట్రోల్ ఇంజిన్ వేడికి త్వరగా ఆవిరవుతుంది కాబట్టి, మే నెల ఎండలో అరగంట ఆపి వచ్చాక పొద్దుటికంటే ఎక్కువ మొండికేయొచ్చు. మూడుసార్లు తాళం తిప్పే పరీక్ష అప్పుడూ పనిచేస్తుంది. పాత హోండాల్లో మాత్రం ఎండలో నిలిపాక పంప్ శబ్దమే రాకపోతే గేజ్ వైపు పోకండి. డాష్ కింద, పంప్‌కి కరెంటు ఇచ్చే మెయిన్ రిలేలో సోల్డర్ పగిలి ఉంటుంది, అది వేడికే చేతులెత్తేస్తుంది.

ట్యాంకు అడుగంటించి తిరగడం కూడా మానుకోండి. పంప్‌ని చల్లబరిచేది చుట్టూ ఉన్న పెట్రోలే. తిరుమల ఘాట్ రోడ్డులో మెలిక తిరిగినప్పుడల్లా ఆ కాస్త పెట్రోల్ పక్కకి పోయి పంప్ గాలి పీలుస్తుంది. కొండెక్కేముందు కనీసం పావు ట్యాంకు ఉంచుకోండి.

రిపేరయ్యాక గేజ్ తీయకుండానే అరగంట పరీక్ష మళ్లీ చేసి, అయిదు నిమిషాలకి ఎంత, ముప్పై నిమిషాలకి ఎంత అని సర్వీస్ పుస్తకంలో రాసిపెట్టండి. తర్వాత టీ, తాత్కాలిక గొట్టం తీసేసి కంపెనీ పైపు బిగించి, నాలుగుసార్లు ప్రెజర్ ఎక్కించి, జాయింట్ కింద పొడి టిష్యూ కాగితం పెట్టి పది నిమిషాలు ఆగండి. అది పొడిగా ఉంటేనే బండి రోడ్డెక్కించండి. గేజ్ వైపరు పక్కన కట్టుకుని టెస్ట్ డ్రైవ్‌కి అలిపిరి దాకా వెళ్లొచ్చేవాళ్లున్నారు. టీ జాయింట్‌తో ఇంజిన్ నడపడం నిలబడ్డచోటే, రోడ్డు మీద వద్దు.